పండగ పత్రి – పెంపుడు కుక్క

వినాయక చవితి ముందు రోజు సాయంత్రం. ఒక చేతిలో మట్టి వినాయకుడు, మరో చేతిలో పత్రి సంచి పట్టుకుని మీరు బజారు నుంచి ఇంటికి వచ్చారు. బొమ్మను జాగ్రత్తగా పీట మీద పెట్టారు. సంచిని మాత్రం వరండాలో గోడవారగా వదిలేసి, కాళ్లు కడుక్కోవటానికి పెరట్లోకి వెళ్లారు. తిరిగి వచ్చేసరికి సంచి బోర్లా పడి ఉంది. ఆకులన్నీ చిందరవందర. వాటి మధ్య కూర్చుని, తోక ఆడిస్తూ, మీ కుక్కపిల్ల ఏదో నములుతోంది.

ఏం నములుతోంది?

ఈ ప్రశ్నకు మీరు వెంటనే జవాబు చెప్పగలగాలి. గరిక అయితే నవ్వి ఊరుకోవచ్చు. మామిడాకు అయితే నోట్లోంచి లాగి పారేస్తే చాలు. గన్నేరాకు అయితే మాత్రం ఒక్క క్షణం కూడా ఆలస్యం చెయ్యకుండా పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. మూడూ ఆకులే. మూడూ ఒకే సంచిలోంచి వచ్చాయి. మరి తేడా ఎక్కడుంది? తెలుసుకుందాం.

ఇరవై ఒకటిలో మూడు

చవితినాడు వినాయకుడికి 21 రకాల ఆకులతో పూజ చేస్తారని మీకు తెలుసు. పూజ పుస్తకంలో వాటి పేర్లు సంస్కృతంలో ఉంటాయి. అందువల్ల పైకి చదువుతున్నప్పుడు అవి ఏ మొక్కల ఆకులో చాలామందికి తోచదు. దూర్వా అంటే గరిక. చూత అంటే మామిడి. బిల్వ అంటే మారేడు. బదరీ అంటే రేగు. శమీ అంటే జమ్మి. అశ్వత్థ అంటే రావి. వీటివల్ల కుక్కకు పెద్ద ప్రమాదం లేదు. మరీ ఎక్కువ మింగితే కడుపులో ఇమడక వాంతి చేసుకుంటుంది, అంతే.

ఆ పట్టికలోనే ఉన్న మరి మూడు పేర్లు చూడండి. కరవీర అంటే గన్నేరు. అర్క అంటే జిల్లేడు. దత్తూర అంటే ఉమ్మెత్త. ఈ మూడూ విషపు మొక్కలు. అలాగని పూజకు వాడటంలో ప్రమాదమేమీ లేదు. పత్రి సమర్పించటానికే గాని తినటానికి కాదు కదా! ఆ సంగతి మనకు తెలుసు. ఇంట్లో తిరిగే కుక్కకు తెలియదు. చిక్కంతా అక్కడే ఉంది.

అసలు మొక్కకు విషం ఎందుకు? మేక వచ్చి కొరికితే మొక్క పారిపోలేదు. పురుగు పాకితే విదిలించుకోలేదు. నిలబడ్డ చోటే నిలబడి తనను తాను కాపాడుకోవాలి. అందుకు కొన్ని మొక్కలు ముళ్లు పెంచుకున్నాయి. కొన్ని తమ ఆకుల్లోనే రసాయనాల కర్మాగారం పెట్టుకున్నాయి. గన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త ఈ రెండో రకానివి. వేసవిలో ఊళ్లో పచ్చగడ్డి పరక దొరకకపోయినా జిల్లేడు చెట్టు నిండా ఆకులతో ఎందుకు నిలబడి ఉంటుందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. దాన్ని పశువులు ముట్టవు.

కుక్క ఎందుకు తింటుంది?

పశువులు ముట్టనిదాన్ని కుక్క ఎందుకు నోట పెట్టుకుంటుంది? దాని ముక్కు అంత చురుకైనది కదా, విషాన్ని పసిగట్టలేదా? ఈ అనుమానం మీకు వచ్చే ఉంటుంది.

కుక్క ముక్కు చురుకైనదే. కాని వాసన తెలియటం వేరు, ఆ వాసన గలది విషమని తెలియటం వేరు. కుక్క పూర్వీకులు వేటాడి మాంసం తిన్న జంతువులు. ఆకులూ అలములూ మేసి బతికే జంతువు తల్లి వెంట తిరుగుతూ ఏ ఆకు మంచిదో ఏది కాదో నేర్చుకుంటుంది. మన ఇంటి కుక్కకు ఆ చదువు లేదు. పైగా దాని నాలుక కూడా మన నాలుకంత పదునైనది కాదు. మనిషి నోట్లో రుచి మొగ్గలు సుమారు 9,000 ఉంటే, కుక్క నోట్లో సుమారు 1,700 మాత్రమే. దానికి చేదు తెలియకపోలేదు. కాని నమలకుండా గబుక్కున మింగే అలవాటున్న జంతువుకు చేదు తెలిసేసరికి ముద్ద గొంతు దిగిపోతుంది.

ఇక కుక్కపిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. పళ్లు వచ్చే వయసులో వాటికి చిగుళ్లు దురద పెడతాయి. చెప్పు, చీపురు, పుస్తకం, ఆకు – ఏది దొరికితే అది కొరుకుతాయి. మనం చేత్తో పట్టుకుని చూసే ప్రతిదాన్నీ కుక్కపిల్ల నోటితో పట్టుకుని చూస్తుందన్నమాట.

అన్నిటికన్నా పెద్ద కారణం మరొకటి ఉంది. పూజ పూర్తయ్యాక ఆ పత్రి ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. దాని మీద పంచామృతం పడింది. అంటే పాలు, పెరుగు, నెయ్యి, తేనె, పంచదార. కొబ్బరి నీళ్లు చిందాయి. ఉండ్రాళ్ల మెతుకులు, బెల్లం ముక్కలు అంటుకున్నాయి. చెట్టున ఉన్నప్పుడు కుక్క తలతిప్పి కూడా చూడని గన్నేరాకు ఇప్పుడు నేతి వాసన వేస్తోంది! విషానికి మనమే తీపి పూత పూసి, నేల మీద దాని మూతికి అందేచోట పెట్టామన్నమాట. కాబట్టి పండగ ముందు రోజు కన్నా పండగ మర్నాడే ఎక్కువ జాగ్రత్త అవసరం.

గన్నేరు – పంపును ఆపే విషం

గన్నేరులో ఓలియాండ్రిన్ అనే పదార్థం ఉంది. ఇదీ, దీన్ని పోలిన మరికొన్నీ కలిసి గుండె మీద పనిచేస్తాయి. ఎలా పనిచేస్తాయో తెలియాలంటే గుండె కండరంలోని ఒక్క కణంలోకి తొంగిచూడాలి.

కణం లోపల పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. కణం బయట దీనికి తలకిందులు: సోడియం ఎక్కువ, పొటాషియం తక్కువ. ఈ తేడా ఉంటేనే గుండె కొట్టుకోవటానికి కావలసిన విద్యుత్తు పుడుతుంది. కాని గుండె కొట్టుకున్న ప్రతిసారీ కొంత సోడియం లోపలికి జొరబడుతూనే ఉంటుంది. దాన్ని ఎప్పటికప్పుడు బయటికి తోడిపొయ్యాలి.

చిన్న కన్నం ఉన్న పడవలో ప్రయాణం చేస్తున్నారనుకోండి. ఒకడు డొప్పతో నీళ్లు తోడి పోస్తూ ఉన్నంతసేపూ పడవ సాఫీగా సాగుతుంది. వాడి చెయ్యి పట్టుకుని ఆపేశారో, నీళ్లు నిండుతాయి, పడవ ఒరిగిపోతుంది. మన కణాల పొరలో అలాంటి తోడేవాళ్లు లక్షల సంఖ్యలో ఉన్నారు. వాటిని సోడియం–పొటాషియం పంపులు అంటారు. ఒక్కో విడతకు 3 సోడియం అయాన్లను బయటికి నెట్టి, 2 పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది ఒక్కో పంపు. డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు యెన్స్ స్కో పీతల కాళ్లలోని నరాల మీద పరిశోధన చేసి, ఈ పంపుగా పనిచేసే ఎంజైమును 1957లో వెల్లడించాడు. అందుకు 1997లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఓలియాండ్రిన్ చేసేది సరిగ్గా ఆ తోడేవాడి చెయ్యి పట్టుకోవటమే. పంపు ఆగుతుంది. కణంలో సోడియం పేరుకుంటుంది. దాని వెంట కాల్షియం కూడా పేరుకుంటుంది. లోపలికి పోవలసిన పొటాషియం బయటే, రక్తంలో మిగిలిపోతుంది. దాంతో గుండె లయ తప్పుతుంది. ఒకసారి మరీ నెమ్మదిగా, ఒకసారి గతి తప్పి, ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ పొంతన లేకుండా కొట్టుకుంటుంది. చివరికి ఆగిపోవచ్చు కూడా.

గన్నేరు తిన్న కుక్కకు సాధారణంగా కొద్ది గంటల్లోనే చొంగ కారటం, వాంతులు, విరేచనాలు, కడుపు నొప్పి మొదలవుతాయి. నీరసంగా పడుకుండిపోతుంది. పైకి చూస్తే అజీర్ణంలాగే ఉంటుంది. "ఏదో తిన్నట్టుంది, అదే తగ్గుతుందిలే" అని ఊరుకోవటం సహజం. లోపల గుండెలో జరుగుతున్నది మాత్రం మన కంటికి కనిపించదు. ఈ విషంలోని మోసం అదే.

ఇంకో సంగతి బాగా గుర్తుంచుకోండి. ఆకు ఒక్కటే కాదు. పువ్వు, కొమ్మ, వేరు అన్నీ విషమే. ఎండిపోయినా విషం పోదు. పైగా ఎండాక చేదు తగ్గుతుంది కాబట్టి పచ్చి ఆకు కన్నా ఎండుటాకు మరీ ప్రమాదం. గన్నేరు పూలకొమ్మలు పెట్టిన కూజాలోని నీళ్లను కూడా కుక్క నాకకూడదు. పసుపు పచ్చని గంటల్లాంటి పూలు పూసే పచ్చగన్నేరు వేరే మొక్క. కాని దాని విషమూ ఇదే కోవలోది. దాని కాయలోని గింజలు మరీ ప్రమాదకరం.

జిల్లేడు – పాల విషం

జిల్లేడు ఆకు తుంచితే తెల్లని పాలు కారటం మీరు చూసే ఉంటారు. ఈ పాలు నోటికీ కడుపుకీ మంట పుట్టిస్తాయి. కంట్లో పడితే కన్ను వాచి, చూపు మసకబారుతుంది. మీ చేతికి జిల్లేడు పాలు అంటితే, ఆ చేత్తో కళ్లు నులుముకోకండి, కుక్కను నిమరకండి. ముందు సబ్బుతో కడుక్కోండి. జిల్లేడులో కూడా గన్నేరు విషం జాతికి చెందిన గుండె విషాలే ఉన్నాయి.

ఈ విషాన్ని తనకు అనుకూలంగా మార్చుకున్న ఒక పురుగు ఉంది. మీ ఊరి జిల్లేడు పొదల్లో నలుపు, తెలుపు, పసుపు పట్టీలున్న గొంగళిపురుగు కోసం వెతకండి. అది జిల్లేడు ఆకులు తిని, ఆ విషాన్ని తన ఒంట్లో దాచుకుంటుంది. తరువాత నారింజ రంగు రెక్కల సీతాకోకచిలుక అవుతుంది. దాని పేరు ప్లెయిన్ టైగర్. దాన్ని ఒకసారి నోట పెట్టుకుని అవస్థ పడిన పక్షి మళ్లీ ఆ రంగు రెక్కల జోలికి పోదు. ఒక ప్రాణికి ప్రాణాంతకమైనది మరో ప్రాణికి కవచం అయిందన్నమాట!

ఉమ్మెత్త – వార్తను అడ్డుకునే విషం

ఉమ్మెత్త పనిచేసే తీరు వేరు. ఇందులో ఎట్రోపిన్, హయోసిన్ మొదలైన ఆల్కలాయిడ్లు ఉన్నాయి. ఇవి పంపుల జోలికి పోవు. నరాలు పంపే వార్తలను అడ్డుకుంటాయి.

నరం అవయవానికి వార్త ఎలా అందజేస్తుంది? ఆటో లోవీ అనే శాస్త్రజ్ఞుడు 1921లో చక్కని ప్రయోగంతో దీనికి జవాబు చెప్పాడు. కొట్టుకుంటున్న ఒక కప్ప గుండెకు వచ్చే వేగస్ నరాన్ని ఆయన విద్యుత్తుతో ప్రేరేపించాడు. గుండె నెమ్మదించింది. ఆ గుండె చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి మరో కప్ప గుండెకు పట్టించాడు. దాని నరాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అయినా అదీ నెమ్మదించింది! అంటే నరం కొసనుంచి ఏదో రసాయనం ద్రవంలోకి వచ్చిందన్నమాట. ఆ రసాయనమే ఎసిటైల్ కోలిన్. ఈ కృషికి లోవీకి, హెన్రీ డేల్‌కు కలిపి 1936లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఎసిటైల్ కోలిన్‌ను ఒక తాళంచెవి అనుకుంటే, అవయవాల మీద దానికి సరిపోయే తాళాలుంటాయి. ఉమ్మెత్తలోని ఎట్రోపిన్ వెళ్లి ఆ తాళాల్లో కూర్చుంటుంది. తాళం తీయదు, అసలు తాళంచెవిని దూరనీయదు. "నెమ్మదిగా కొట్టుకో" అన్న వార్త గుండెకు చేరదు కాబట్టి గుండె దడదడలాడుతుంది. "లాలాజలం ఊరించు" అన్న వార్త చేరదు కాబట్టి నోరు ఎండిపోతుంది. "కుంచించుకో" అన్న వార్త చేరదు కాబట్టి కంటిపాప పెద్దదైపోయి, టార్చి వేసినా చిన్నది కాదు. మెదడు కూడా తికమక పడుతుంది. కుక్క తూలుతుంది, లేనిదాన్ని చూసి మొరుగుతుంది, యజమానినే గుర్తుపట్టక కరవబోవచ్చు.

చూశారా! గన్నేరు తిన్న కుక్క చొంగ కారుస్తుంది, ఉమ్మెత్త తిన్నదాని నోరు ఎండిపోతుంది. ఏ ఆకు తిన్నదో చూడనివాళ్లకు కూడా ఈ గుర్తులు కొంత దారి చూపుతాయి.

విషమా? మందా?

ఇంతవరకూ చదివి, ఈ మొక్కలన్నీ పీకి పారెయ్యాలని మీరు అనుకుంటున్నారేమో! తొందరపడకండి. కంటి డాక్టర్లు కంటిపాపను పెద్దది చెయ్యటానికి వాడే మందుల్లో ఎట్రోపిన్ ఒకటి. పొలంలో పురుగుమందు ప్రమాదవశాత్తు ఒంటికెక్కిన రైతులెందరినో బతికించిన ఇంజెక్షన్ కూడా ఎట్రోపినే. గన్నేరు విషాన్ని పోలిన పదార్థాలు ఐరోపాలో పెరిగే డిజిటాలిస్ అనే మొక్కలో ఉన్నాయి. ఆ మొక్కతో ఒంటి ఉబ్బుకు చికిత్స చేసిన తీరును విలియం విదరింగ్ అనే ఇంగ్లీషు డాక్టరు 1785లో పుస్తకంగా రాశాడు. ఆ మొక్కలనుంచి తీసిన డిజాక్సిన్‌ను గుండె జబ్బులకు ఈనాటికీ వాడుతున్నారు.

అన్నిటికన్నా విచిత్రం ఇది. గన్నేరు తిని గుండె మరీ నెమ్మదించిన కుక్కకు డాక్టర్లు ఇచ్చే మందుల్లో ఎట్రోపిన్ ఒకటి. అంటే ఉమ్మెత్తలో ఉన్న పదార్థమే గన్నేరుకు విరుగుడుగా సాయపడుతోంది! అలాగని గన్నేరు తిన్న కుక్కకు మీరు ఉమ్మెత్తాకు తినిపించేరు సుమా! డాక్టరు సూదిలోకి తీసేది కొలిచిన మందు. ఆకులో ఎంత ఉందో ఎవరూ కొలవలేదు. ఒక ఆకులో ఉన్నంత మరో ఆకులో ఉండదు.

పదార్థం విషమవుతుందా లేదా అన్నది దాని మోతాదు మీద ఆధారపడి ఉంటుందని 16వ శతాబ్దంలోనే పారసెల్సస్ అనే వైద్యుడు చెప్పాడు. ఈ లెక్క కుక్క విషయంలో ఇంకా ముఖ్యం. మీ బరువు 45 కిలోలు, మీ కుక్కపిల్ల బరువు 4½ కిలోలు అనుకుందాం. ఒకే ఆకును మీరు తిన్నా అది తిన్నా, కిలోకు లెక్కవేస్తే దానికి మీకన్నా పదిరెట్లు విషం తగులుతుంది.

మోతాదే కాదు, తిన్నది ఎవరన్నది కూడా చూడాలి. కొన్ని కుందేళ్ల రక్తంలో ఎట్రోపిన్‌ను విరగ్గొట్టే ఎంజైము ఉంటుంది. మనకు ప్రమాదమైన ఆకును అవి తిని హాయిగా ఉంటాయి. ఇందుకు తలకిందుల ఉదాహరణ కిస్‌మిస్. పాయసంలో మనం ఏరుకుని తినే కిస్‌మిస్, ద్రాక్ష కొన్ని కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. వాటిలోని టార్టారిక్ ఆమ్లం ఇందుకు కారణం కావచ్చునని 2021లో అమెరికాలోని పశువైద్యులు సూచించారు. మన చింతపండు పులుపుకు కారణం కూడా ఆ ఆమ్లమే. కాబట్టి పులిహోర కోసం నానబెట్టిన చింతపండు గిన్నెను కూడా కుక్కకు అందనివ్వకండి.

నింద మోసిన మొక్క

భయం అవసరమే. కాని తప్పు మొక్కను చూసి భయపడితే లాభం లేదు. క్రిస్మస్ రోజుల్లో నర్సరీల్లో ఎర్రటి ఆకుల పాయిన్‌సెట్టియా కుండీలు అమ్ముతారు. 1919లో హవాయి దీవుల్లో ఒక పసివాడు ఈ మొక్క ఆకు తిని చనిపోయాడన్న పుకారు పుట్టింది. అది నిజమని ఎన్నడూ రుజువు కాలేదు. అయినా దశాబ్దాల తరబడి జనం ఆ మొక్కను భయంకరమైన విషంగానే చూశారు. చివరికి అమెరికాలో విష చికిత్సా కేంద్రాలకు వచ్చిన 22,793 సంఘటనలను పరిశీలించి 1996లో ఒక నివేదిక ప్రకటించారు. వాటిలో ఒక్క మరణం కూడా లేదు. పాయిన్‌సెట్టియా పాలు కుక్క నోటికి కొంచెం మంట పుట్టిస్తాయి, వాంతి కావచ్చు, అంతకుమించి ప్రమాదం అరుదు. ఎర్రగా కనిపించేది ఇలా నింద మోస్తూ ఉంటే, పెరట్లో అందంగా పూసే గన్నేరును మాత్రం ఎవరూ అనుమానించరు!

పండగకు ముందు, పండగ తరువాత

ఇప్పుడు మీరు చెయ్యవలసిన పనులు చూద్దాం. ఇవి మీ వయసువాళ్లు తేలిగ్గా చెయ్యగలిగినవే.

పత్రి ఇంటికి రాగానే ఒక పళ్లెంలో పోసి ఏరండి. పొడవుగా, సన్నగా, దళసరిగా, ఈటె మొనలాగా ఉండి, మధ్యలో ఈనె స్పష్టంగా కనిపించేది గన్నేరు. వెడల్పుగా, మందంగా, బూడిద చల్లినట్టుండి, తుంచితే పాలు కారేది జిల్లేడు. వెడల్పుగా, అంచులు ఎగుడుదిగుడుగా, నలిపితే వెగటు వాసన వేసేది ఉమ్మెత్త. దీనికి ముళ్ల కాయ ఉంటే దాన్నీ తీసి ఉంచండి. దాని గింజలు ఆకుల కన్నా ప్రమాదం. ఈ మూడింటినీ వేరే కట్ట కట్టి, పూజవేళ వరకూ ఎత్తయిన గూట్లో పెట్టండి. పూజ వేళకు మిగతా వాటితో కలపవచ్చు.

పాలవెల్లికి కట్టిన మొక్కజొన్న పొత్తుల్లో విషం లేదు. కాని గింజలు వలిచేసిన కంకిని కుక్క మింగితే అది పేగులో అడ్డంపడుతుంది. దాన్ని కూడా తీసేటప్పుడు జాగ్రత్తగా పారెయ్యండి.

ఉద్వాసన చెప్పాక పత్రిని పెరట్లో మూల కుప్ప పొయ్యకండి. వీధి చెత్తకుండీ పక్కనా వదలకండి. మీ కుక్క కట్టేసి ఉండవచ్చు. వీధికుక్కకు ఆ రక్షణ లేదు. ఆవుకు వేస్తే మంచిదనుకుని పత్రి మొత్తం ఆవు ముందు పొయ్యటం ఇంకా ప్రమాదం. గన్నేరు పశువుల ప్రాణాలు కూడా తీస్తుంది. మూరెడు లోతు గొయ్యి తవ్వి పూడ్చండి, పైన రాయి పెట్టండి. కొద్ది నెలల్లో అదే ఎరువవుతుంది. బతుకమ్మ పూలలో గన్నేరు కలిసి ఉంటే వాటికీ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

తిన్నదని తెలిస్తే?

ముందు నోట్లో మిగిలిన ముక్కలను తీసెయ్యండి. కుక్క బెదిరి కరిచేలా ఉంటే పెద్దవాళ్లను పిలవండి. రెండోది, గడియారం చూసి వేళ గుర్తుపెట్టుకోండి. మూడోది, తిన్న ఆకులో మిగిలిన ముక్క ఒకటి కాగితంలో చుట్టి వెంట తీసుకుని, పెద్దవాళ్లతో కలిసి వెంటనే పశువుల ఆసుపత్రికి వెళ్లండి. ఏ ఆకు, ఎంత, ఎప్పుడు – ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే డాక్టరు పని సగం తేలికవుతుంది.

వాంతి చేయించాలని ఉప్పునీళ్లు పట్టకండి. ఉప్పు ఎక్కువైతే అదే మరో విషమవుతుంది. నూనె, చింతపండు పులుసు, మజ్జిగ పోసి ఆలస్యం చెయ్యకండి. తూలుతున్న కుక్క నోట్లో ఏది పోసినా అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. వాంతి చేయించాలా వద్దా అన్నది డాక్టరు నిర్ణయించాలి. కడుపులో మిగిలిన విషాన్ని పీల్చుకోవటానికి ఆయన ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గుపొడి ఇస్తారు. గుండె లయను యంత్రంతో చూస్తారు, రక్తంలో పొటాషియం ఎంత ఉందో పరీక్షిస్తారు. తొందరగా తీసుకువెళితే బతికే అవకాశాలు పెరుగుతాయి. "రేపు చూద్దాం" అనుకుంటే అవి తగ్గిపోతాయి. పండగ రోజు ఆసుపత్రి తెరిచి ఉంటుందో లేదో ముందే కనుక్కుని, ఫోను నంబరు గోడ కేలండరు మీద రాసి ఉంచండి.

మీరే చేసి చూడండి

ఈ ఆదివారం మీ కుక్క హాయిగా పడుకుని ఉన్నప్పుడు, దాని ఎడమ ముంజేతి మోచేయి వెనకగా ఛాతీ మీద అరచెయ్యి ఆనించండి. గుండె కొట్టుకోవటం తెలుస్తుంది. 15 సెకన్లలో ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెట్టి, 4తో గుణించండి. విశ్రాంతిగా ఉన్న పెద్ద కుక్కలకు ఇది నిమిషానికి 60 నుంచి 100 వరకూ, చిన్న జాతులకు 140 వరకూ ఉండవచ్చు. పిల్లల్లో ఇంకా ఎక్కువ.

శ్రద్ధగా గమనిస్తే ఒక వింత కూడా తెలుస్తుంది. అది ఊపిరి పీల్చేటప్పుడు గుండె కొంచెం వేగంగా, వదిలేటప్పుడు కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటుంది. కంగారుపడకండి. ఆరోగ్యంగా ఉన్న కుక్కలో ఇది మామూలే. కప్ప గుండెలో లోవీ చూసిన ఆ వేగస్ నరమే ఇక్కడ పగ్గాలు బిగిస్తూ, సడలిస్తూ ఉంది.

మూడు నాలుగు రోజులు ఇలా లెక్కపెట్టి పుస్తకంలో రాసిపెట్టుకోండి. మీ కుక్క గుండె మామూలుగా ఎలా కొట్టుకుంటుందో తెలిసినవారే, అది మామూలుగా లేనప్పుడు గుర్తుపట్టగలరు.

కుక్క మన ఇంటికి కాపలా కాస్తుంది. కాని మనం ఇంట్లోకి తెచ్చే ఆకుల్లో ఏది మంచిదో, ఏది చెడ్డదో దానికి తెలియదు. ఆ ఒక్క కాపలా మాత్రం మనమే కాయాలి. వచ్చే చవితికి పత్రి సంచి మీ చేతికి వచ్చినప్పుడు, ముందుగా ఆ మూడు ఆకులూ ఏరి పక్కన పెట్టండి.